సూదుల రోజు

జూలై 6

పొద్దున అయిదింటికే లేచాను. ఇవాళ జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల గురించి గుర్తు చేసే రోజు, పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా ఉచితం. 1885లో ఇదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటి సూది వేయించాడు, అందుకే ఈ రోజు. ఎండెక్కితే క్యూలో కుక్కలు నిలబడవు, మనుషులు అసలే నిలబడరు. గౌరిని, చిట్టిని, ముసల్ది రాణిని ఆటోలో ఎక్కించేసరికే నా చీర నిండా బొచ్చు. లాబ్రడార్ల బొచ్చు దులిపితే పోయేది కాదు. ఇరవై ఏళ్లుగా పెంచుతున్నా, దులపడం ఎప్పుడో మానేశాను.

క్యూలో నా ముందు ఒక పెద్దాయన, నైలాను తాడుతో ఊరకుక్కని పట్టుకుని నిలబడ్డాడు. "పోయినేడు కూడా వేయించానమ్మా, మళ్లీ ఎందుకంటావు?" అన్నాడు. ఆయన ప్రశ్నలో తప్పులేదు. రేబిస్ విషయంలో మాత్రం నేను లెక్కలు వేయను, డాక్టరు గారు ఏటా అన్నారు కాబట్టి ఏటా. లక్షణాలు బయటపడ్డాక బతకడమనేది దాదాపు ఉండదు, కుక్కకైనా మనిషికైనా. ఆ మాటే చెప్పాను. మా పిన్ని వాళ్ల ఊళ్లో కుక్క కరిస్తే గాయం మీద సున్నం, కారం రాసి పసరు మందు మింగించేవాళ్లు. ఇప్పటికీ ఆ పని చేసేవాళ్లున్నారు. సబ్బుతో పావుగంట కడిగి నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి, అంతే. పెద్దాయన తలాడించాడు. కుక్క పేరు రాజు అట. సూది పడగానే రాజు కుయ్యోమని, ఆయన చెప్పు నోట కరుచుకుని గేటు దాకా లాక్కెళ్లాడు.

డాక్టరు గారితో మాత్రం నాకు ఓ పాత గొడవ ఉంది. పెద్ద కుక్కలకి డిస్టెంపర్, పార్వో అనే రెండు ప్రాణాంతక వైరస్ జబ్బులకి కలిపి వేసే సూది ఏటా పొడిపించాలంటే నేను ఒప్పుకోను. చిన్నప్పుడు సరిగ్గా వేయించి, ఏడాదికల్లా ఒక బూస్టర్ పడితే, ఆ తర్వాత మూడేళ్లకోసారి చాలని ప్రపంచ చిన్న జంతువుల వైద్య సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది. అంతకంటే ఎక్కువ వేయిస్తే అదనపు మేలేమీ లేదు. ఆయనా కాదనడు, కార్డు చూసి నవ్వుతాడు. ఎలుకల జ్వరం, అంటే లెప్టో సూది మాత్రం ఏటా వేయిస్తా. మా ఇంటి వెనకే వరి మడులు, వానలు పడితే ఎలుకలు వాకిట్లోకి వస్తాయి. ఆ టీకా బలం ఏడాదికి మించి నిలవదు. రాణికి పదేళ్లు దాటాయి, దానికి టైటర్ టెస్ట్ చేయించి ఒంట్లో రక్షణ ఉందో లేదో చూడాలని ఉంది. చూద్దాం.

టీకాలంటే నాకు గుడ్డి నమ్మకమూ లేదు, భయమూ లేదు. ఒకప్పుడు భయం ఉండేది. దాని ఖరీదు నాకు తెలుసు.

మధ్యాహ్నం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. కొత్తగా జర్మన్ షెపర్డ్‌లు పెంచుతున్నాడు, అక్కా అక్కా అంటూ ఏదడిగినా నన్నే అడుగుతాడు. "అక్కా, పార్వోకి హోమియో చుక్కలున్నాయంట. సూదులతో పిల్లలు నీరసపడిపోతున్నాయి, చుక్కలే పోసేద్దామనుకుంటున్నా" అన్నాడు. కాసేపు నోట మాట రాలేదు నాకు.

ఆ చుక్కల పేరు నోసోడ్. జబ్బు పదార్థాన్నే పలచన చేసి, చేసి, అసలేమీ మిగలనంత పలచన చేసి ఇస్తారు. గౌరి వాళ్లమ్మ రెండో ఈతకి ఆరు పిల్లల్ని ఈనింది. ఎవరో పెద్దమనిషి చెబితే నమ్మాను. పొద్దున రెండు చుక్కలు, రాత్రి రెండు చుక్కలు. నలభై ఎనిమిదో రోజున, మెళ్లో తెల్ల దారం కట్టిన పిల్ల పాలు మానేసింది. సాయంత్రానికి వాంతులు. రాత్రికి నెత్తుటి విరేచనాలు, ఆ వాసన... ఇనుప తుప్పూ కుళ్లిన మాంసమూ కలిసినట్టు ఉంటుంది. పార్వో చూసినవాళ్లు ఆ వాసన మరిచిపోరు. సెలైన్లు ఎక్కించి, రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా అయిదు పోయాయి. ఒక్క పిల్లే బతికింది, అదే గౌరి. ఆ తర్వాత గచ్చంతా ఫినాయిల్‌తో కడుగుతుంటే డాక్టరు గారు కోప్పడ్డారు. పార్వో వైరస్‌కి ఫినాయిల్ లెక్కలేదట. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, గచ్చు పది నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. మట్టిలో అయితే నెలల తరబడి, ఏడాది దాకా కూడా అది బతికే ఉంటుంది. ఆ ఏడు మళ్లీ ఈతకి పెట్టలేదు.

ఇదంతా ఫోన్లో ఆ కుర్రాడికి చెప్పాను. సూది వేశాక నీరసం ఒకటి రెండు రోజులే ఉంటుంది, ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, మొహం వాచినా ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తు అన్నాను. "నువ్వు కూడా నాటు వైద్యం చేస్తావుగా అక్కా" అని పొడిచాడు. చేస్తాను. కడుపు బాగోకపోతే మెత్తగా ఉడికిన అన్నం, చికెన్, కొంచెం గుమ్మడికాయ. చర్మం ఎండితే కొబ్బరి నూనె. కానీ గోమార్లకి వెల్లుల్లి పెట్టమనే వాళ్లని మాత్రం గుమ్మం తొక్కనివ్వను, అది కుక్క ఎర్ర రక్తకణాలనే పాడు చేస్తుంది. గోమారి జ్వరం వస్తే డాక్సీ (డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్) బిళ్లలు ఇరవై ఎనిమిది రోజులు వేయాల్సిందే. బొప్పాయాకు రసం పక్కన పోసుకో, బిళ్లలు మానకు.

సాయంత్రం, ఇప్పుడింట్లో ఉన్న పిల్లల్లో ఎర్ర దారం పిల్లని కొనుక్కుందామని చూడ్డానికి విజయవాడ నుంచి భార్యాభర్తలొచ్చారు. మెళ్లో దారాలు చూసి ఆవిడ "దిష్టి తాళ్లాండీ?" అంది. పిల్లల్ని గుర్తు పట్టడానికమ్మా, అందరూ ఒకేలా ఉంటారు అన్నాను. ఆయన ఒడిలోకి తీసుకోగానే అడిగాడు, "టీకాలన్నీ అయిపోయాయిగా?"

ఒక్కటి అయింది, నలభై అయిదో రోజున. రెండోది రేపు. ఇంకా రెండు మిగులుతాయి, మీ ఇంట్లోనే వేయించాలి. ఆఖరిది పదహారు వారాలు నిండాకే పడాలి. ఆయన మొహం పడిపోయింది. "ఒకే వైరస్‌కి ఇన్ని సూదులా? సూదులమ్ముకోడానికి కాకపోతే?"

నాకు కోపం రాలేదు, ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను. ముర్రుపాల సంగతి చెప్పాను. తల్లి ముర్రుపాలతో పిల్లకి రక్షణ వస్తుంది. ఆ రక్షణే వచ్చిన టీకాని కూడా శత్రువనుకుని మట్టుబెడుతుంది. ఒక్కో పిల్లలో అది ఒక్కో రోజు తగ్గుతుంది. మొదట గట్టిగా తాగిన బొద్దు పిల్లలో పన్నెండు వారాల దాకా ఉంటే, చివర దొరికిన బక్క పిల్లలో ఏడు వారాలకే పోతుంది. ఏ పిల్లకి ఎప్పుడు పోతుందో మొహం చూసి చెప్పలేం, అందుకే మూడు నాలుగు వారాలకోసారి. ఆఖరి సూది పడి రెండు వారాలు గడిచేదాకా కాలువ గట్టు మీద, పార్కులో తిప్పకండి, చంకన వేసుకుని ఇరుగుపొరుగు ఇళ్లకి తీసుకెళ్లండి, మనుషుల్ని చూడనివ్వండి అన్నాను. ఆవిడ ఇదంతా ఫోన్లో టైప్ చేసుకుంది. ఆయన పిల్ల చెవి నిమురుతూ కూర్చున్నాడు.

ఈ రోజే తీసుకెళ్తామన్నారు, రేపు అష్టమట. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, రాత్రంతా ఏడుపు, పైన రేపు సూది. నేను పంపనన్నాను. సూది వేయించి రెండు రోజులు చూసి ఇస్తా. ఎల్లుండి నవమి కూడా పనికిరాదట, దశమి నాడు వస్తామన్నారు. బయానా ఇచ్చి వెళ్లారు.

పిల్లల సూదులు నాలుగు, ఐస్ డబ్బాలో తెచ్చి ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాను, థర్మామీటరు పక్కనే. తలుపు అరలో పెడితే పనికిరాదు, ఆ మధ్య ఒక మెడికల్ షాపులో అలాగే తలుపులో పెట్టి అమ్మినవి పొడిపించి నమ్మకం పోగొట్టుకున్నాను. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. మా ఆయన చల్లనీళ్ల కోసం ఫ్రిజ్ వైపు వెళ్తుంటే అరిచాను. "కుండలో నీళ్లున్నాయి, తాగండి." ఇంకో అరగంటకి వచ్చింది కరెంటు. థర్మామీటరు ఆరు చూపిస్తోంది. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి, ఎర్ర దారం ఒక్కటే లేచి ఫ్రిజ్ వెలుతురు వైపు చూస్తోంది.