పదిహేడు మంది ఉన్నారని పదిహేడు స్వరాలు రాయొద్దు

1930ల నాటి స్వింగ్ జాజ్ అరేంజ్‌మెంట్లను (ఏ వాద్యం ఎప్పుడు ఏ స్వరం వాయించాలో రాసిన కూర్పులను) ఇప్పటి బిగ్ బ్యాండ్ల కోసం తిరగరాసేవాళ్లతో నాకు ఒకటే పేచీ. ఎవరినీ కాసేపు ఊరికే కూర్చోనివ్వరు.

బ్యాండ్ లీడర్ బెన్నీ గుడ్‌మన్ 1935లో రికార్డ్ చేసిన ‘కింగ్ పోర్టర్ స్టాంప్’నే తీసుకోండి, అరేంజ్‌మెంట్ ఫ్లెచర్ హెండర్సన్‌ది. మూడు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు, నాలుగు శాక్సోఫోన్లు, ముందు గుడ్‌మన్ క్లారినెట్, వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్, అంతే. ఇప్పటి బ్యాండ్‌లో మామూలుగా ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోన్లు నాలుగు, శాక్సులు ఐదు, వెనక పియానో మొదలైనవి కలిపితే పదిహేడు మంది. అంటే పాత అరేంజ్‌మెంట్‌లో నలుగురికి పార్ట్ (వాయించాల్సిన భాగం) ఉండదు. వాళ్లకేదో ఒకటి ఇవ్వాలి కాబట్టి సిక్స్త్ కార్డ్ (ఒకేసారి మోగే నాలుగు స్వరాల గుంపు) ఉన్నచోట నైన్త్, థర్టీన్త్ అనే అదనపు స్వరాలు చేర్చేసి, బారిటోన్ శాక్స్‌కి బేస్ వాయించే స్వరాన్నే మళ్లీ అంటగడతారు. కాగితం మీద తప్పేమీ కనిపించదు, కానీ వాయించేసరికి ఆ చురుకుదనం మొత్తం పోతుంది. చివరి కోరస్‌లలో (ట్యూన్ ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక కోరస్) బ్రాస్, అంటే ట్రంపెట్లు, ట్రాంబోన్ల జట్టు, ఒక చిన్న ముక్క విసురుతుంది, శాక్సులు వెంటనే బదులిస్తాయి, ఆ రెండింటి మధ్య కాస్త ఖాళీ ఉండబట్టే కాళ్లు ఆగవు. ఆ ఖాళీని నింపేస్తే ఇక హెండర్సన్ ఎక్కడున్నాడు?

స్వరకర్త, బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎల్లింగ్టన్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆయన పార్ట్‌ల మీద చాలాసార్లు వాద్యం పేరు కాకుండా మనిషి పేరే ఉండేది. 1930 నాటి ‘మూడ్ ఇండిగో’లో మ్యూట్ (శబ్దాన్ని మార్చే మూత) పెట్టిన ట్రంపెట్‌ది పై స్వరం, మ్యూట్ పెట్టిన ట్రాంబోన్ దాని కిందే తన పై స్థాయిలో, క్లారినెట్ ఏమో అన్నిటికన్నా అడుగున. మామూలుగా అయితే క్లారినెట్ పైన, ట్రాంబోన్ అడుగున ఉంటాయి. ఈ మూడింటిని తీసి మొత్తం శాక్స్ సెక్షన్‌కి పంచిన వెర్షన్లు విన్నాను. ట్యూన్ అదే, పాట మాత్రం అది కాదు.

మరి ఆ నలుగురినీ ఏం చేయాలంటారా? నాలుగో ట్రంపెట్ లీడ్‌ని (అన్నిటికన్నా పైనుండే ట్రంపెట్ పార్ట్‌ని) పంచుకోవచ్చు, ఆ పై స్వరాలు ఒక్కడే రాత్రంతా వాయించడం నరకం. అదనపు ట్రాంబోన్లు చివరి కోరస్ దాకా ఆగి, అప్పుడు ఉన్న స్వరాలనే డబుల్ చేస్తే చాలు. ఇక రిథమ్ విషయానికొస్తే, గిటార్ ఆంప్ తీసేసి, బార్‌కి (నాలుగు బీట్ల వరసకి) నాలుగు దెబ్బలు వేయించండి. బేస్ డ్రమ్ కూడా అలాగే నాలుగు, కానీ వినిపించీ వినిపించనట్టు. ఈ రెండూ కుదిరితే సగం పని అయిపోయినట్టే.

లేదు, నలుగురికీ కొత్తగా రాసే తీరాలి అనుకుంటే మరో స్వింగ్ బ్యాండ్ లీడర్ కౌంట్ బేసీ దగ్గరికి వెళ్లండి. 1937 నాటి ‘వన్ ఓ క్లాక్ జంప్’ కాగితం మీద పుట్టింది కాదు, వాయిస్తూ వాయిస్తూ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్క) మీద రిఫ్ పేర్చుకుంటూ పోయినది. అలాంటిచోట ట్రాంబోన్లకి సొంత రిఫ్ ఒకటి ఇవ్వండి, వీలైతే రాయకుండా రిహార్సల్‌లో వాళ్లనే కట్టుకోమనండి.