బాబాయి మిరపచేను, నా బోర్డులో లువా

నర్సంపేట దగ్గర బాబాయి మిరపచేనుకు మోటారు నడిపే చిన్న బోర్డు చేసిచ్చాను. చిక్కల్లా ఆయన లెక్క వారానికోసారి మారడమే. "పూత మీదుంది, ఇంత తడి వద్దురా" అంటారు. నేను సీ ప్రోగ్రాము మార్చుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని హనుమకొండలో బస్సెక్కాలి. మూడోసారికి విసుగొచ్చింది. నియమాలను స్క్రిప్టుగా రాస్తే తమ్ముడే ఫోను నుంచి బ్లూటూత్‌లో ఎక్కిస్తాడు కదా అని లువా 5.3 అనే చిన్న స్క్రిప్టు భాషను తెచ్చుకున్నాను.

బోర్డు మీద ఎస్‌టీఎం32ఎఫ్407 అనే చిప్. ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ 1 ఎంబీ, పని చేసుకునే ర్యామ్ 192 కేబీ. అందులో 64 కేబీ వేరే చిరునామాలో విడిగా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. లువా అచ్చమైన సీలో రాసింది కాబట్టి దాన్ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ పేచీ పెట్టలేదు. ప్రోగ్రాము ముక్కలను కలిపే లింకర్ మాత్రం ఫైలు తెరిచే ఫంక్షన్ ఏది, గడియారం ఏది అని నిలదీసింది. ఫైళ్లు, గడియారం లాంటివి వాడే ఐఓ, ఓఎస్ లైబ్రరీలు తీసేశాను. మిగిలినవాటికి "లేదు" అని బదులిచ్చే ఖాళీ ఫంక్షన్లు రాశాను. సాయంత్రానికి సీరియల్ తెర మీద 2+3కి 5 వచ్చింది.

అసలు కథ ఆ తర్వాతే. స్క్రిప్టు కాసేపు చక్కగా నడిచి, ఉన్నట్టుండి హార్డ్‌ఫాల్ట్, అంటే చిప్ తప్పులో పడి ఆగిపోవడం. ఒక్కోసారి ఒక్కోచోట. రెండు రాత్రులు నా సెన్సర్ కోడునే అనుమానించాను, పాపం. లింకర్ ఫైలు చూస్తే స్టాక్‌కు (ఫంక్షన్ల తాత్కాలిక డేటా ఉండే చోటు) కేటాయించింది 1 కేబీ. అది వదిలి మిగతా ర్యామ్ అంతా హీప్ (అడిగినప్పుడల్లా మెమరీ ఇచ్చే చోటు) ఎదిగిపోవచ్చు. లువాలో పొడవైన స్ట్రింగులు (అక్షరాల వరుసలు) కూర్చే బఫర్ అనే తాత్కాలిక జాగా ఏమో స్టాక్ మీదే కూర్చుంటుంది. 32 బిట్ల చిప్ మీద దాని పరిమాణం 4 కేబీ! హీప్ పైకి వచ్చిన రోజు ఆ బఫర్ నేరుగా హీప్‌లోని లువా టేబుళ్ల (డేటా దాచే పట్టికలు) మీద రాసేస్తోంది.

స్టాక్‌కు 16 కేబీ ఇచ్చాను. పూర్ణాంకాలు, దశాంశాలు రెండూ 32 బిట్లకే కుదించాను. బఫర్ సగమైంది, పైగా ఈ చిప్‌లోని దశాంశ గణిత యూనిట్‌కు తెలిసింది 32 బిట్ల లెక్కే. లువాకు 64 కేబీ గుంట ఒకటి తవ్వి, అది దాటితే శూన్యం తిరిగిచ్చే అలొకేటర్ (మెమరీ పంచే ఫంక్షన్) నేనే రాశాను. అప్పుడు లువా ముందు చెత్త (ఇక వాడని డేటా) ఊడ్చి మళ్లీ అడుగుతుంది. అప్పటికీ దొరక్కపోతే మెమరీ చాలలేదని తప్పు చూపిస్తుంది. తప్పు వస్తే మోటారుకు స్విచ్చులాంటి రిలే ఆపేయమని పెట్టాను.

మొన్న బాబాయి ఫోన్ చేశారు: "మోటారు దానంతటదే ఆగింది, పాడైందా?" సీరియల్ లాగ్ పంపమన్నాను. మెమరీ చాలలేదట. తమ్ముడు ప్రతి రీడింగునూ ఒకే టేబుల్లో దాస్తూ పోయాడు.