ఎవరిని ‘నువ్వు’, ఎవరిని ‘మీరు’

రాజమహేంద్రవరంలో ఒక నర్సింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. రంపచోడవరం, చింతూరు వైపు నుంచి కోయ, కొండరెడ్డి గిరిజన రోగులు మా వార్డులకు వస్తూనే ఉంటారు. వాళ్లతో ఎలా మెలగాలో రెండో ఏడాది పిల్లలకు నేర్పుదామని పూనుకున్నాను. దొరికింది రెండు గంటలు.

మొదటిసారి చేసింది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పోడు, జీలుగు కల్లు, మామిడి పండగ అంటూ బోర్డు నింపేశాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వెనక బెంచీలోని కోయ అమ్మాయి మాత్రం పెన్ను తీయలేదు. తరగతి అయ్యాక వచ్చి, “మేడం, అదంతా మా గురించేనా? మా నాన్న బడిపంతులు, కల్లు ముట్టడు” అంది.

ఆ రాత్రి వెతుకుతుంటే ఇరిహాపేటి రామ్స్‌డెన్ గురించి తెలిసింది. న్యూజీలాండ్‌లో మూలవాసులైన మావోరీ తెగకు చెందిన నర్సు. ‘సాంస్కృతిక భద్రత’ అన్న ఆలోచనకు రూపమిచ్చింది ఆమే; 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో చేర్చింది. రోగి ఆచారాలు బట్టీ పట్టడం కాదు, నర్సు ముందు తనను తాను చూసుకోవాలంటుంది ఆమె. సేవ భద్రంగా ఉందో లేదో తేల్చేది రోగే. నేను నింపిన బోర్డు మీద నర్సు అనే మనిషే లేదు.

మరుసటి ఏడాది బోర్డు జోలికి పోలేదు. వార్డులో ఎవరిని ‘నువ్వు’ అంటున్నామో, ఎవరిని ‘మీరు’ అంటున్నామో వారం పాటు రాసుకు రమ్మన్నాను. కోనసీమ రైతు ‘మీరు’. ఏజెన్సీ నుంచి వచ్చిన ముసలమ్మ ‘నువ్వు’. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకమ్మాయి మొహమాటపడుతూనే చూపించింది.

రెండో గంట ఆ కోయ అమ్మాయికే అప్పగించాను. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో కోయ భాషలో గబగబా చెప్పి, “అర్థమైందా?” అని తెలుగులో అడిగింది. అందరూ తలూపారు. ఎన్ని మాత్రలో చెప్పమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఊపిన తలను నమ్మి రోగిని పంపించేసి, తిరిగొస్తే ‘చెప్పినా వినరు’ అనేది మేమే కదా!

“దీనికి మార్కులెన్ని?” అన్నారు ప్రిన్సిపాల్. లేవన్నాను. గంటలూ పెరగలేదు.

మొన్న ఆపరేషన్‌కు ముందు ఒక కొండరెడ్డి గర్భిణి చేతికున్న తాడు తీయాల్సి వచ్చింది. మామూలుగా అయితే కత్తెరే. మా విద్యార్థిని కత్తెర పక్కన పెట్టి, “అమ్మా, ఇది ఎవరిచేత తీయించుకుంటారు?” అని అడిగింది. బయట కూర్చున్న అత్తను పిలవమంది ఆమె. డాక్టరుగారు రెండుసార్లు గడియారం చూశారు. అత్త ముడి విప్పి, ఆ తాడును తన చేతికి కట్టుకుంది.