మా తోపుని తోపు అని రాయించడానికి 14 నెలలు

నిన్న సాయంత్రం పంచాయతీలో తీర్మానం మీద సంతకాలయ్యాయి. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను.

కోనసీమలో గోదావరి పాయ వైనతేయ ఒడ్డున మా తాతల నాటి మూడెకరాల తోపు ఉంది. పొన్నలు, కానుగలు, చింతలు, తాడిచెట్లు, చుట్టూ మొగలి డొంక. 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు, ఈ తోపు చాటునున్న ఇళ్ళ పైకప్పులు నిలబడ్డాయి. రాత్రిళ్ళు బావురుపిల్లి తిరుగుతుంది. వానాకాలం కొంగలు గూళ్ళు కడతాయి. రొయ్యల చెరువుకి లీజిస్తే ఎకరానికి ఎంతొస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అమ్మేది లేదు, తవ్వించేది లేదు, ఊరితో కలిసి కాపాడుకుంటామని వారసులం 11 మందిమీ రాసుకున్నాం. హైదరాబాదులో ఉన్న చిన్నాన్నగారబ్బాయి కాస్త నసిగాడు గానీ, పిన్ని ఒక్క కేక వేసేసరికి సంతకం పెట్టాడు.

నన్ను ఏడిపించింది రికార్డు. ఊళ్ళో ఏ భూమిలో ఏముందో రాసే అడంగల్‌లో మా తోపు 'బీడు' అని ఉంది. రేపు ఎవరైనా చెరువు తవ్వుతామంటే, ఇక్కడ చెట్లున్నాయని చూపించడానికి కాగితం మీద ఒక్క ఆకు లేదు. సరిచేయమని అర్జీ పట్టుకెళ్ళాను. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా వరండాలో నిలబెట్టారు. లోపలికి పిలిచాక రికార్డులు చూసే ఉద్యోగి అడిగిన మొదటి మాట, "ఇంట్లో మగాళ్ళు లేరామ్మా?"

బావురుపిల్లి సంగతి, కొంగల సంగతి చెప్పాను. "పంట లేదు, ఫలసాయం లేదు, బీడు కాకపోతే ఏంటి? ఆ పిల్లినే వచ్చి అర్జీ పెట్టుకోమనండి" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నోట మాట రాలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆరోజు అనలేకపోయింది ఇప్పుడు అంటాను. పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన వాటా దేశమంతటికీ 2005లో వస్తే, మన రాష్ట్రం 1985 నుంచే ఇచ్చింది. భూముల రికార్డులు చూసే మనిషికి అది తెలియకపోవడం తప్పు. తెలిసీ అలా అడగడం ఇంకా పెద్ద తప్పు.

రసీదు లేకుండా ఏ అర్జీ ఇవ్వకండి. నమ్మి ఇచ్చినవి రెండు మాయమయ్యాయి. చివరికి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల్లో ఇచ్చాను, పాత శిస్తు రసీదులు, చెట్ల ఫొటోలు జతచేసి. మూడు వారాల్లో మనిషొచ్చి చూశాడు, 'తోపు' అయింది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్ళో మొక్కలు, జీవాల వివరాలు ఒక రిజిస్టర్లో రాయాలి. మా కమిటీ ఉన్నట్టు అందులో సభ్యులకే తెలీదు. రిజిస్టర్లో ఎక్కితే భూమి పోతుందని భయపెట్టేవాళ్ళుంటారు, వినకండి. హక్కు ఎవరిదో వాళ్ళదే.

ఆ రిజిస్టరు మళ్ళీ రాయించేటప్పుడు, చదువుకున్నవాళ్ళం 31 మొక్కల పేర్లు చెప్పి ఆగిపోయాం. తోపులో కల్లు గీసే పెద్దాయన, పుల్లలేరుకునే ఆవిడ కలిసి ఇంకో 40 చెప్పారు, ఏ ఆకు దేనికి మందో సహా. వాళ్ళిద్దరూ కమిటీలో ఉండాల్సిందేనని పట్టుబట్టాను. నిన్నటి తీర్మానంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పక్క చెరువు ఉప్పునీరు తోపులోకి దిగకుండా గట్టు వేయాలంట, ఎక్కడ మొదలెట్టాలో పెద్దాయనే చూపించారు. ఆదివారం పని మొదలు.