అంట్లు తోమేదానికా పంపిస్తివి?

తిరుచానూరు పెళ్ళి చక్కగా జరిగింది. అయినా ఇంటికి వచ్చినప్పటి నుంచి, భోజనాల పంక్తిలో చిత్తూరు వదిన అందరికీ వినపడేలా అడిగిన ప్రశ్న ఒక్కటే మెదులుతోంది: "లక్షలు పోసి అంట్లు తోమేదానికా పంపిస్తివి బిడ్డను?"

చిన్నది మెల్‌బోర్న్‌లో ఒక హోటల్ వంటగదిలో సాయంత్రాలు పనిచేస్తున్న మాట నిజమే. తరగతులు జరిగే రోజుల్లో విద్యార్థి వీసా మీద రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు, మించితే వీసాకే ముప్పు. కనుక వదిన ఊహించినట్టు అది చదువు మానేసి పగలూ రాత్రీ గిన్నెల ముందు నిలబడటం లేదు. కోపం రావలసిన విషయం వేరే ఉంది. అక్కడ చాలా పనుల్లో 21 ఏళ్ళు నిండనివారికి జీతం తక్కువ ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్ల తోమిన గిన్నె తక్కువ శుభ్రంగా ఉంటుందా? అద్దె మాత్రం అందరితో సమానంగానే కట్టాలి.

ఆ వయసులో నేను పలమనేరు నుంచి తిరుపతికి చదువుకు వచ్చి హాస్టల్లో ఉన్నాను. నాన్న నెలనెలా బస్సు దిగి వచ్చి, మెస్సు బిల్లు తానే కట్టి, చెనక్కాయల పొడి డబ్బా చేతికిచ్చి, ఖర్చులకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ ఏ తేదీన వస్తాడో చెప్పి వెళ్ళేవాడు. సెలవులకు ఊరికి వెళ్ళే రోజున టికెట్టు కూడా ఆయనే తీసేవాడు. చదువు పూర్తయ్యేదాకా నేను బ్యాంకు గుమ్మం తొక్కలేదు. అందులో నాకు ఏ లోటూ తోచలేదు, ఆ భద్రత ఇష్టంగానే ఉండేది.

వదినకు జవాబు రాద్దామని కూర్చున్నాను గాని, ఇంతదాకా వచ్చాక నన్ను బాధిస్తున్నది ఆమె మాట కాదనిపిస్తోంది. చిన్నది పన్ను నంబరుకు తానే దరఖాస్తు చేసుకుంది; గదికి బాండు, అంటే అద్దె అడ్వాన్సు, కట్టి, ఆ సొమ్ము యజమాని దగ్గర కాక ప్రభుత్వ సంస్థ దగ్గర జమ అయిందో లేదో తానే చూసుకుంది; గోడల మీది పగుళ్ళ నెపం రేపు తన మీదికి రాకుండా చేరిన రోజునే ఫొటోలు తీసిపెట్టుకుంది. ఇవన్నీ అయిపోయాకే నాకు తెలిశాయి. మా నాన్న నాకు చేసిన పనుల్లో ఒక్కటి కూడా నాకు మిగల్చలేదు.

ఉద్యోగం మాన్పించి ఇంకొంత పంపుదామని మధ్యాహ్నం ఈయనతో అన్నాను. ఇప్పుడు ఆ మాట మీద నిలబడలేకపోతున్నాను. తన సంపాదనతో ట్రాము ఛార్జీ కట్టుకుని, మిగిలినదాని లెక్క మొదటిసారి చెప్పిన రోజు దాని గొంతులో పలికిన సంతోషాన్ని తీసేయడం నాకు ఇష్టం లేదు. పరీక్షల వారంలో మాత్రం షిఫ్టులు తగ్గించుకోమని ఆదివారం అడుగుతాను. ఇక్కడ రాత్రి తొమ్మిదయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది కాబట్టి, ఉదయమే ఫోన్ చేయాలి.