గొడ్ల చావిడి దాకా వైఫై

అమెరికాలో పెరిగే పిల్లలకు ఊళ్లో అవ్వతో ఫోన్లో మాటలు "తిన్నావా, బాగున్నావా" దగ్గరే అయిపోతాయి. ఫోను హాల్లో సోఫా మీద ఉన్నంత కాలం అంతే. కావలి, కోవూరు పక్క పల్లెల్లో పెద్దవాళ్ల సాయంత్రమంతా పెరట్లోనే, ట్రాక్టరు షెడ్డులోనో గొడ్ల చావిట్లోనో గడుస్తుంది. దూడను వదిలితే గానీ ఆవు చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. ఆ 'చేపడం' అనే మాట పుస్తకం పెట్టి నేర్పితే నిలవదు. దూడ పొదుగును కుమ్మడం, అవ్వ దాన్ని లాగి గుంజకు కట్టి చెంబుతో కూర్చోవడం చూస్తే ఒక్కసారికే వచ్చేస్తుంది. అందుకే సెలవులకు వెళ్లినప్పుడు చేయించాల్సిన మొదటి పని, ఇంట్లో వైఫైని చావిడి దాకా తీసుకెళ్లడం.

చాలామంది ముందు రిపీటర్ (వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొంటారు. వద్దు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. పైగా ఇనుప రేకులు సిగ్నల్‌ను లోపలికి రానివ్వవు. నిలిచేది తీగే.

ఇంటికీ చావిడికీ మధ్య రాగి తీగ లాగితే పిడుగు భయం ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడ్డా చాలు, రెండు చివర్లా పెట్టెలు కాలిపోతాయి. తుఫాన్లు వచ్చే ఈ తీరంలో ఫైబరే మేలు, గాజుపోగులో కరెంటు పారదు. సింగిల్ మోడ్ ఫైబరు, దానికి రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబరును మామూలు నెట్ తీగకు కలిపే చిన్న పెట్టెలు) తీసుకోవాలి. ఒకే పోగు మీద నడిచే రకమైతే ఒకటి 'ఏ', ఇంకొకటి 'బీ' అయి ఉండాలి. రెండూ 'ఏ' తెచ్చుకుంటే లైటే వెలగదు. ఊళ్లో నెట్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాళ్ల దగ్గర ఫైబరు అతికే మిషను ఉంటుంది, చివర్లు వాళ్ల చేతే వేయించండి. ఫైబరుతో వచ్చే స్టీలు తీగను కన్వర్టరు దాకా రానివ్వకుండా బయటే కత్తిరించాలి. లేకపోతే పిడుగుకు దారి మనమే ఇచ్చినట్టు.

అడుగున్నర లోతు కాలవ తీసి, అంగుళం పీవీసీ పైపులో లాగండి. పందికొక్కుల నుంచి కాపాడేది ఆ పైపే. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. తీగ బిగువుగా ఉంటే తెగుతుంది కాబట్టి రెండు చివర్లా రెండేసి గజాలు చుట్టలుగా వదలాలి. మడత పడనివ్వకూడదు. గోడ రంధ్రం బయటికి వాలుగా ఉండాలి. ఈశాన్య రుతుపవనాల వాన నీళ్లు లోపలికి వచ్చేది అక్కడినుంచే.

చావిట్లో పాత రౌటరైనా సరిపోతుంది. దాని అడ్రసు 192.168.1.2 అని మార్చి (ఇంటి రౌటరు 192.168.1.1 అయితే), డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే సెట్టింగు) ఆపేసి, కన్వర్టరు నుంచి వచ్చే తీగను 'వాన్' రంధ్రంలో కాకుండా 'లాన్' రంధ్రంలో పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఫోను "కనెక్టెడ్" అంటుంది, నెట్ మాత్రం రాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పేరు, పాస్‌వర్డు రెండు చోట్లా ఒకటే పెట్టండి, పెద్దవాళ్లు మార్చుకోవాల్సిన పని ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇంటికి చానెల్ 1, చావిడికి 11.

కరెంటు పోతే కాల్ తెగకుండా రెండు చివర్లా చిన్న యూపీఎస్‌లు కావాలి. కన్వర్టర్లు చాలావరకు 5 వోల్టులవి, రౌటర్లు 12 వోల్టులవి. అడాప్టరు మీద రాసింది చూసి, రెండూ ఇచ్చే యూపీఎస్ కొనండి.

న్యూజెర్సీలో పిల్లలు బడికి బయల్దేరే ముందు పొద్దున 7 గంటలంటే ఊళ్లో సాయంత్రం 4:30, పాలు పితికే వేళ. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారాక అదే 7 గంటలు ఇక్కడ 5:30 అవుతుంది. డిసెంబరులో అప్పటికి పొద్దు గుంకబోతుంటుంది, మాట్లాడుతుండగానే మసక చీకటి పడుతుంది. ట్యూబులైటును అవ్వ ముఖం మీద వెలుగు పడేలా ఎదుటి గుంజకు బిగించండి. వెనక ఉంటే పిల్లలకు నల్లటి నీడే కనిపిస్తుంది.