ఏ బావి ముందు చూడాలి? అడ్డుకట్టల లెక్క

మన అనంతపురంలో ఆరున్నర అంగుళాల బోరు వేస్తే, నీళ్లు పడినా మోటారు దించితే గానీ పైకి రావు. చమురు, గ్యాసు బావి చాలావరకు అట్లా కాదు, అడుగునున్న ఒత్తిడే తోసుకొస్తుంది; ఒత్తిడి తగ్గిన పాత బావికే పంపు కావాలి. 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో ఎగదన్నిన బావిని అదుపులోకి తేవడానికి 65 రోజులు పట్టింది. ఇక్కడినుంచి రిగ్గు పనికి పోయే పిల్లోళ్లు ఈ తేడా మొదట పట్టుకోవాలి.

గ్యాసుకూ బయటి గాలికీ మధ్య రెండు అడ్డుకట్టలుండాలి. ఒకటి పోతే రెండోది పోకూడదు. లోపలిది ట్యూబింగు (గ్యాసు పైకొచ్చే లోపలి గొట్టం), ప్యాకరు (ఆ గొట్టం చుట్టూ సందును అడుగున మూసే సీలు), సేఫ్టీ వాల్వు (ప్రమాదంలో గొట్టాన్ని మూసేది). బయటిది కేసింగు (బావి గోడకు దించిన పెద్ద గొట్టం), దాని వెనక సిమెంటు, వెల్‌హెడ్ (నేల మీద బావి మూతి దగ్గర బిగించే సామాను).

ట్యూబింగుకూ కేసింగుకూ మధ్య సందులో ఒత్తిడి కనిపిస్తే, సన్న నీడిల్ వాల్వుతో మెల్లగా వదిలి, మూసి, 24 గంటలు గేజి చూడండి. మళ్లీ లేవకపోతే అది వేడికి ద్రవం వ్యాకోచించి వచ్చిందే. లేస్తే ట్యూబింగు జాయింటో, ప్యాకరు సీలో, ఇంకో చోటో కారుతోంది. అట్లని రోజూ వదులుతూ పోవద్దు, కారే చోటు ఇంకా పెద్దదవుతుంది.

ఇక ఏ బావి ముందు చూడాలో తేల్చడానికి, ప్రమాదం జరిగే అవకాశానికి 1–5, జరిగితే వచ్చే నష్టానికి 1–5 వేసి గుణించే పట్టిక ఒక్కటే చాలదు. తరచూ చెమ్మగిల్లే గ్లాండుకు (వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు) 5×1, అరుదైన బ్లోఅవుట్‌కు (బావి ఎగదన్నడం) 1×5. రెండింటికీ 5 మార్కులే! నష్టం 5 ఉన్న బావుల్ని విడిగా తీసి, ఒకే అడ్డుకట్ట మిగిలినవాటిని పైన పెట్టండి. ఆ తర్వాతే ఊరి దూరం, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉందా అన్నది చూడాలి. పంపుతో తోడితేనే పారే పాత బావి వరసలో కిందికి పోతుంది.